నెట్ ఎక్కడ ఆగింది?

2016 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ తన సహాయ వెబ్‌సైటు పైభాగాన ఒక చిన్న ప్రకటన పెట్టింది. ఇంటర్నెట్ అందక ఇబ్బంది పడుతున్నవాళ్లు కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలనీ, షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోదనీ దాని సారాంశం. నెట్ లేనివాళ్లకు చెప్పాల్సిన సలహాను నెట్‌లోనే పెట్టారు. పాపం, వేరే దారి లేదు. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు దాన్ని చదువుకున్నారు, మిగిలినవాళ్లు నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేశారు.

అంతకు కొన్ని రోజుల ముందు నుంచే యూరప్‌లో, అందులోనూ బ్రిటన్‌లో, విండోస్ 10 కంప్యూటర్లు నెట్‌కు దూరమవుతూ వచ్చాయి. బీటీ, ప్లస్‌నెట్ వంటి నెట్ కనెక్షన్ సంస్థలకు ఫిర్యాదులు వెల్లువెత్తాయి. కనెక్షన్ పోతే జనం ముందు అనుమానించేది రౌటర్‌నే, ఆ తర్వాత వీధిలోని తీగను. ఈసారి మాత్రం ఆ రెండూ నిర్దోషులు. డిసెంబరు 13న కేబీ3206632 అనే అప్‌డేట్‌తో పాటు మైక్రోసాఫ్ట్ అసలు సంగతి బయటపెట్టింది. విండోస్ లోపల ‘కనెక్టెడ్ డివైసెస్ ప్లాట్‌ఫామ్’ అనే సర్వీసు ఒకటి కుప్పకూలుతోంది. దాంతో కొన్ని సందర్భాల్లో కంప్యూటర్ తనకు కావాల్సిన ఐపి చిరునామాను తెచ్చుకోలేకపోతోంది. చిరునామా లేని కంప్యూటర్ ఎంత బలమైన వైఫై మధ్యలో ఉన్నా ఒంటరిదే.

మరి రీస్టార్ట్‌కీ షట్‌డౌన్‌కీ తేడా ఏమిటి? రెండింటిలోనూ తెర ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. తేడా 2012లో విండోస్ 8తో వచ్చింది. కంప్యూటర్ త్వరగా లేవాలన్న ఉద్దేశంతో అందులో ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు పెట్టారు. అది ఉన్నచోట షట్‌డౌన్ నొక్కితే తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి, వాడుతున్న మనిషి ఖాతా లాగాఫ్ అవుతుంది. కానీ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్, దాన్ని పట్టుకుని ఉన్న డ్రైవర్లు ఏ స్థితిలో ఉన్నాయో ఆ స్థితినంతా విండోస్ డిస్కు మీద ఒక ఫైలులో దాచిపెడుతుంది. మర్నాడు బటన్ నొక్కగానే ఆ ఫైలును చదువుకుని లేస్తుంది. నిన్నటి జబ్బు ఆ ఫైలులో ఉంటే అది కూడా కంప్యూటర్‌తో పాటే నిద్రలేస్తుంది. రీస్టార్ట్‌లో ఈ దాపరికం ఉండదు, అన్నీ మొదటినుంచి మొదలవుతాయి. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా అదే ఫలితం. “రాత్రే ఆపేసి పొద్దున్న వేశాను, అయినా నెట్ రాలేదు” అనేవాళ్లలో చాలామంది కంప్యూటర్‌ను నిజంగా ఒక్కసారి కూడా ఆపి ఉండరు.

ఆపరేటింగ్ సిస్టమ్ మారాక నెట్ పోయిందన్న ఫిర్యాదు వినడానికి ఒకటే. దాని కింద నాలుగైదు వేర్వేరు జబ్బులు ఉంటాయి, ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు. ఒక వెబ్ పేజీ తెర మీదికి రావాలంటే ముందు నెట్‌వర్క్ కార్డు మేలుకోవాలి. తర్వాత దానికి ఒక చిరునామా దొరకాలి. తర్వాత సైటు పేరును అంకెల్లోకి మార్చి చెప్పేవాళ్లు దొరకాలి. చివరికి అవతలి యంత్రం ఇవతలి యంత్రాన్ని నమ్మి తలుపు తీయాలి. అప్‌గ్రేడ్ అనేది ఈ మెట్లన్నింటినీ ఒకే రాత్రిలో తాకుతుంది. అందుకే మరమ్మతు తెలిసినవాళ్లు ముందు ఏ బటన్ నొక్కాలా అని ఆలోచించరు, సంభాషణ ఏ మెట్టు మీద ఆగిపోయిందో చూస్తారు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వేసుకుంటారు: అది చెడిపోయిందా, లేక కొత్త సిస్టమ్ కావాలనే దాన్ని మూసేసిందా? ఈ రెండో ప్రశ్న చాలామందికి తట్టదు. మొండిగా మిగిలిపోయే కేసుల్లో ఎన్నో దాని దగ్గరే చిక్కుకుని ఉంటాయి.

చిరునామా మెట్టు నుంచే మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే అక్కడ రోగనిర్ధారణ చాలా తేలిక. ఇంట్లో రౌటర్ చేసే పనుల్లో ఒకటి లాడ్జిలో కౌంటర్ గుమస్తా పని. వచ్చినవాడికి ఖాళీగా ఉన్న గది చూసి తాళం ఇస్తాడు, గడువు తీరితే వెనక్కి తీసుకుంటాడు. రాల్ఫ్ డ్రామ్స్ రూపొందించిన డీహెచ్‌సీపీ అనే పద్ధతి 1993లో తొలిసారి ప్రమాణ పత్రంగా వెలువడింది. ఇప్పటికీ దాదాపు ప్రతి ఇంట్లో, ఆఫీసులో చిరునామాలు పంచేది అదే. మొత్తం వ్యవహారం నాలుగు మాటల్లో ముగుస్తుంది. కొత్తగా వచ్చిన యంత్రం “చిరునామా ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని అందరికీ వినబడేలా అడుగుతుంది. రౌటర్ ఒక చిరునామా చూపుతుంది. యంత్రం “అదే ఇవ్వండి” అంటుంది. రౌటర్ సరేనని రాసుకుంటుంది.

ఎవరూ పలకకపోతే? విండోస్ కాసేపు ఎదురుచూసి, 169.254తో మొదలయ్యే చిరునామా ఒకటి తనంతట తనే పెట్టుకుంటుంది. విండోస్ 98 కాలం నుంచి ఉన్న అలవాటిది. ఒకే గదిలో రెండు కంప్యూటర్లు రౌటర్ లేకుండా మాట్లాడుకోవడానికి అది పనికొస్తుంది కానీ దాంతో బయటి ప్రపంచానికి వెళ్లడం కుదరదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపికాన్ఫిగ్’ అని కొడితే ఆ అంకెలు కనిపిస్తాయి. అక్కడ 192.168తోనో 10తోనో మొదలయ్యే చిరునామా ఉంటే రౌటర్‌తో మాట కలిసినట్టే, లోపం ఇంకా పై మెట్లలో ఉంది. 169.254 కనిపిస్తే బ్రౌజర్ మార్చడం, యాంటీవైరస్‌ను తిట్టడం దండగ. అదే ఆదేశానికి ‘రిలీజ్’ అని చేర్చి పాత చిరునామాను వదిలేసి, ‘రెన్యూ’ అని చేర్చి కొత్తది అడగాలి. అప్పటికీ రాకపోతే పూర్తి రీస్టార్ట్ చేయాలి, ఆ తర్వాతే రౌటర్ వైపు చూడాలి.

అసలు ఐపికాన్ఫిగ్‌లో వైఫై అన్న పేరే లేకపోతే కథ ఒక మెట్టు కిందికి దిగుతుంది.

2015 జులై 29న విండోస్ 10 వచ్చింది. విండోస్ 7, 8.1 వాడేవాళ్లకు మొదటి ఏడాది ఉచితం. లక్షల ఇళ్లలో, ఆఫీసుల్లో పాత విండోస్ మీదే కొత్తది పరుచుకుంది. కొద్దిరోజుల్లో ఒక వింత ఫిర్యాదు బయలుదేరింది. వైఫై కార్డు ఉంది, డ్రైవర్ ఉంది, కానీ చుట్టుపక్కల ఒక్క నెట్‌వర్క్ కూడా కనిపించదు. కొన్నిచోట్ల తీగ గుచ్చినా కదలిక లేదు. వెతికితే దోషి బయటపడింది. ఆఫీసు పనికోసం ఎప్పుడో వేసుకున్న పాత వీపీఎన్ ప్రోగ్రాము! సిస్కో, సోనిక్‌వాల్ సంస్థల పాత వీపీఎన్‌లు సిట్రిక్స్ తయారుచేసిన ‘డిటర్మినిస్టిక్ నెట్‌వర్క్ ఎన్‌హాన్సర్’ అనే ఫిల్టర్ డ్రైవర్‌ను వాడేవి. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌కూ విండోస్‌కూ మధ్య నిలబడి, అటూ ఇటూ పోయే ప్రతి పొట్లాన్నీ పట్టి చూసి వదలడం దాని ఉద్యోగం. విండోస్ 10 దాన్ని పాత సామానుతో పాటు మోసుకొచ్చింది కానీ దాని భాష కొత్త ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మధ్యలో నిలబడ్డవాడు మూగవాడైతే రెండు వైపులా నిశ్శబ్దమే. మైక్రోసాఫ్ట్ చెప్పిన విరుగుడు కొత్త డ్రైవర్ వేయడం కాదు. రిజిస్ట్రీలో ఒక పద్దును తుడిచి, ‘నెట్‌సీఎఫ్‌జీ’ ఆదేశంతో ఆ ఫిల్టర్‌ను పీకేయడం.

ఈ ఉదంతం ఇప్పటికీ పనికొస్తుంది. అప్‌గ్రేడ్ తర్వాత వైఫై పోతే అందరూ వైఫై డ్రైవర్ కోసమే వెతుకుతారు. చాలాసార్లు అదే కారణం కూడా. కానీ డ్రైవర్ మార్చినా మార్పు లేకపోతే, మధ్యలో చేరిన వీపీఎన్, యాంటీవైరస్, ఫైర్‌వాల్ ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి చూడాలి. డిసేబుల్ చేయడం చాలదు. కళ్లు మూసుకున్న ఫిల్టర్ కూడా దారిలోనే నిలబడి ఉంటుంది.

డ్రైవరే దోషి అయితే ఎదురయ్యేది కోడి ముందా గుడ్డు ముందా అన్న పాత తగాదా. డ్రైవర్ నెట్‌లో ఉంది, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. దీనికి తేలికైన పరిష్కారం అందరి జేబుల్లోనూ ఉన్నా చాలామందికి గుర్తురాదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను చార్జింగ్ తీగతోనే కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్ వేస్తే కంప్యూటర్‌కు ఆ ఫోన్ ఒక నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది. అందుకు కావాల్సిన డ్రైవర్ విండోస్‌లో, లినక్స్‌లో ముందునుంచే ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ ఇక్కడ పనికిరాదు, దానికి కంప్యూటర్‌లో వైఫై బతికుండాలి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవక తీగలు కొన్ని ఉంటాయి, వాటిలో డేటా వెళ్లదు. టెథరింగ్ ఐచ్ఛికం మసకబారి కనిపిస్తే ముందు తీగ మార్చి చూడాలి. కనెక్షన్ దొరికాక ల్యాప్‌టాప్ తయారీదారు సైటులో మోడల్ నంబరు ఇచ్చి, కొత్త సిస్టమ్‌కు సరిపడే డ్రైవర్‌ను తెచ్చుకోవాలి. ఎవరో పెట్టిన ‘అన్ని డ్రైవర్లూ ఒకేచోట’ ప్రోగ్రాముల జోలికి వెళ్లకపోవడమే క్షేమం.

లినక్స్ వాడేవాళ్లకు ఈ బాధ ఇంకో రూపంలో వస్తుంది. బ్రాడ్‌కామ్ సంస్థ కొన్ని వైఫై చిప్‌లకు ఇచ్చే మూసిన డ్రైవర్‌ను ప్రతి కొత్త కెర్నెల్ కోసం మళ్లీ నిర్మించాలి. ఆ పని తెరవెనుక దానంతటదే జరగాలి. జరగని రోజున ఉబుంటు అప్‌గ్రేడ్ పూర్తై, వైఫై గుర్తు మాయమవుతుంది. చిప్ లోపల నడిచే ఫర్మ్‌వేర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదన్న కారణంతో డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టు దాన్ని ఏళ్లతరబడి తన అధికారిక ఇన్‌స్టాల్ డిస్కుల్లో పెట్టలేదు. సభ్యుల ఓటింగు తర్వాత 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12తో ఆ పట్టు సడలింది. సిద్ధాంతం గొప్పదే. అయితే వైఫై రాని కంప్యూటర్ ముందు కూర్చున్న కొత్తవాడికి ఆ గొప్పతనం వివరించడం కష్టం.

సర్వర్లు నడిపేవాళ్లను ఏడిపించింది మాత్రం డ్రైవర్ కాదు, పేరు మార్పు. లినక్స్‌లో మొదటి నెట్‌వర్క్ కార్డును దశాబ్దాలుగా ‘ఈత్0’ అనేవారు, రెండోది ‘ఈత్1’. ఏది ముందు మేలుకుంటే దానికి మొదటి పేరు. రెండు కార్డులున్న యంత్రంలో ఒక్కోసారి రీబూట్ తర్వాత ఆ పేర్లు తారుమారయ్యేవి. ఒక కార్డు లోపలి నెట్‌వర్క్‌కూ ఇంకొకటి బయటి ప్రపంచానికీ కట్టిన ఫైర్‌వాల్ యంత్రంలో అలా జరిగితే కాపలా తలకిందులవుతుంది. అందుకని లినక్స్‌ను లేపి నడిపే ‘సిస్టమ్‌డీ’ 2013 జనవరి నాటి 197వ రూపంతో, కార్డు మదర్‌బోర్డులో ఎక్కడ గుచ్చి ఉందో దాన్నిబట్టి పేరు పెట్టడం మొదలైంది. ‘ఈఎన్‌పీ3ఎస్0’ అంటే ఈథర్‌నెట్, మూడో పీసీఐ బస్సు, సున్నా స్లాటు. చూడటానికి వికారంగా ఉన్నా నిలకడైన పేరు, సరైన నిర్ణయం. కానీ పాత కాన్ఫిగరేషన్ ఫైళ్లలో ఇంకా ‘ఈత్0’కి చిరునామా ఇవ్వమనే రాసి ఉండేది. అప్‌గ్రేడ్ తర్వాత ఆ పేరుగల కార్డే లేకపోతే చిరునామా ఎవరికిస్తుంది? ఆ సర్వర్ ఎక్కడో వందల మైళ్ల దూరాన డేటా సెంటర్‌లో ఉండి, దాన్ని నెట్ ద్వారానే నడుపుతున్న ఇంజనీరుకు చేతిలోని తాడు తెగిపోయినట్టే. దూరాన ఉన్న సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేసే ముందు రెండో దారి, అంటే కన్సోల్ మార్గం, పనిచేస్తోందో లేదో చూసుకోవడం వాళ్లకు అప్పటినుంచీ అలవాటైంది.

కార్డు మేలుకుంది, చిరునామా వచ్చింది, అయినా ఏ సైటూ తెరుచుకోవడం లేదు. ఇక్కడ ఒక చిన్న పరీక్ష చాలా చెబుతుంది. గూగుల్ 2009 డిసెంబరులో ప్రారంభించిన 8.8.8.8 అనే సర్వర్‌కు ‘పింగ్’ కొట్టాలి. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో మైక్ మూస్ రాసిన బుల్లి ప్రోగ్రామది. జవాబు వస్తే దారి తెరిచే ఉందని అర్థం. ఆ తర్వాత అంకెలకు బదులు ఏదైనా సైటు పేరుతో పింగ్ కొట్టాలి. అంకెలకు పలికి, పేరు దగ్గర “అలాంటి యంత్రం తెలియదు” అంటే తప్పు పేర్ల వ్యవస్థలో, అంటే డీఎన్ఎస్‌లో ఉంది. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. కొన్ని ఆఫీసు నెట్‌వర్క్‌లు పింగ్‌ను కావాలనే అడ్డుకుంటాయి కాబట్టి అక్కడి మౌనానికి పెద్ద అర్థం వెతకనక్కర్లేదు.

పేర్ల మెట్టు మీద జారిపడ్డవాళ్లలో ఆపిల్‌ది పెద్ద కథ. మ్యాక్‌లలో ఈ పనిని ఏళ్లతరబడి ‘ఎండీఎన్ఎస్ రెస్పాండర్’ అనే ప్రోగ్రాము చూసుకునేది. ఇంట్లోని ప్రింటర్లు, ఇతర మ్యాక్‌లు ఒకదాన్నొకటి కనిపెట్టుకోవడం కూడా దాని చలవే. 2014 అక్టోబరులో వచ్చిన కొత్త మ్యాక్ సిస్టమ్ యోసమిటీలో ఆపిల్ దాన్ని పక్కనపెట్టి, ‘డిస్కవరీడీ’ అనే కొత్త ప్రోగ్రామును కూర్చోబెట్టింది. గొడవ మొదలైంది. వైఫై తెగుతూ అతుకుతూ ఉండేది. బాగా నడుస్తున్న కనెక్షన్‌లో పేజీలు హఠాత్తుగా తెరుచుకోవడం మానేసేవి. ఇంట్లో ఒకటే మ్యాక్ ఉన్నా, దాని పేరును ఇంకెవరో వాడుతున్నారని అదే భ్రమపడి తన పేరు చివర 2, తర్వాత 3 అని తగిలించుకునేది. కొందరు తెగించి పాత సిస్టమ్ నుంచి ఎండీఎన్ఎస్ రెస్పాండర్‌ను తవ్వితెచ్చి కొత్తదాంట్లో అతికించుకున్నారు. అప్‌డేట్ మీద అప్‌డేట్ వచ్చింది, రోగం పూర్తిగా పోలేదు. చివరికి 2015 జూన్ 30న వచ్చిన 10.10.4 అప్‌డేట్‌లో ఆపిల్ డిస్కవరీడీని తీసేసి, పాత ఉద్యోగినే తిరిగి పిలిచింది. ఎనిమిది నెలలకు పైగా వాడకందార్లు తమ రౌటర్లను మార్చుకుంటూ, చానళ్లు తిప్పుకుంటూ గడిపిన తర్వాత!

ఇటువంటి సమయంలో సొంతంగా చేయగలిగినవి కొన్నే. ‘ఐపికాన్ఫిగ్’కు ‘ఫ్లష్‌డీఎన్ఎస్’ చేర్చి పాత జవాబుల నిల్వను తుడిచేయవచ్చు. సెట్టింగులలో డీఎన్ఎస్ సర్వర్‌ను చేత్తో మార్చి చూడవచ్చు. వెనకటి సిస్టమ్‌లో ఎప్పుడో చేత్తో రాసిన డీఎన్ఎస్ చిరునామా, ఇప్పుడు మూతపడ్డ కంపెనీదో పాత ఆఫీసుదో, అప్‌గ్రేడ్‌లో అలాగే కొనసాగుతోందేమో కూడా గమనించాలి.

ఒక్కోసారి ఏ మెట్టూ విరగదు. నెట్ నిజంగానే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం లేదని పట్టుబడుతుంది. కనెక్ట్ అయిన ప్రతిసారీ విండోస్ చాటుగా మైక్రోసాఫ్ట్ సర్వర్‌లోని ఒక చిన్న ఫైలును అడుగుతుంది. అందులో ఉండేవి ‘మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్’ అనే మూడు మాటలు. అవి వస్తే నెట్ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. 2020 మేలో వచ్చిన విండోస్ 10 కొత్త రూపంలో ఈ తీర్పు కొందరి దగ్గర తప్పుతూ వచ్చింది. బ్రౌజర్‌లో అన్నీ తెరుచుకుంటున్నా కింద మూల గ్లోబు గుర్తు నెట్ లేదనేది. ఆ తీర్పును నమ్ముకున్న స్టోర్, స్పాటిఫై లాంటివి తెరుచుకోనన్నాయి. ఇంతకన్నా తమాషాగా 2012 సెప్టెంబరు 19న జరిగింది. ఐఓఎస్ 6 విడుదలైన రోజది. ఐఫోన్ కూడా వైఫైలో చేరగానే ఆపిల్ సైటులో ఒక పేజీని అడుగుతుంది, ‘సక్సెస్’ అన్న మాట కోసం. సరిగ్గా ఆ రోజే ఆ పేజీ సర్వర్‌లో లేకుండా పోయింది. ఫోన్లేమో ఇది హోటళ్లలో, విమానాశ్రయాల్లో ఉండే లాగిన్ అడిగే వైఫై కాబోలనుకుని, ఆపిల్ వారి ‘పేజీ దొరకలేదు’ సందేశాన్నే లాగిన్ పేజీగా చూపించాయి. ఫోన్లలో లోపం లేదు, ఇళ్లలోని రౌటర్లలో లోపం లేదు. పేజీని తిరిగి పెట్టాక అంతా సర్దుకుంది.

అదే కోవలో కాస్త ఖరీదైన పొరపాటు 2020 ఫిబ్రవరి 27 నాటి విండోస్ అప్‌డేట్‌తో వచ్చింది. ప్రాక్సీ సర్వర్ వాడే కంప్యూటర్లలో, ముఖ్యంగా వీపీఎన్‌తో కలిసినప్పుడు, నెట్ లేదన్న గుర్తు వచ్చి టీమ్స్, అవుట్‌లుక్ వంటివి మొరాయించాయి. అది కరోనా వల్ల హైదరాబాద్ ఐటీ ఉద్యోగులతో సహా ప్రపంచమంతా ఇళ్ల నుంచి వీపీఎన్‌లో పనిచేయడం మొదలుపెట్టిన కాలం. మైక్రోసాఫ్ట్ నెలవారీ తేదీ దాకా ఆగకుండా మార్చి 30నే ప్రత్యేకంగా సవరణ విడుదల చేసింది.

ఇక్కడిదాకా చెప్పినవి చెడిపోయినవి. ఇప్పుడు కావాలని మూసినవాటి సంగతి.

2017 మే 12న వన్నాక్రై అనే సాఫ్ట్‌వేర్ పురుగు ప్రపంచాన్ని కుదిపేసింది. బ్రిటన్ ఆసుపత్రులు శస్త్రచికిత్సలు వాయిదా వేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది పాకింది ఎస్ఎంబీ1 ద్వారా. విండోస్ యంత్రాలు ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవడానికి వాడే పాత పద్ధతి అది. మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న, ఆ రంధ్రాన్ని పూడ్చే సవరణ ఇచ్చింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 కొత్త రూపం నుంచి ఎస్ఎంబీ1 మామూలుగా అందులో ఉండదు. అప్‌గ్రేడ్ చేసుకున్న ఇంటి కంప్యూటర్లలో ఉన్నా, వాడకుండా 15 రోజులు గడిస్తే విండోస్ దాన్ని తనే తీసేస్తుంది.

దాంతో అప్పటిదాకా నడిచిన పాత నెట్‌వర్క్ హార్డ్‌డిస్కులు చాలాచోట్ల కనిపించడం మానేశాయి. కాగితాన్ని స్కాన్ చేసి నేరుగా కంప్యూటర్ ఫోల్డర్‌లో వేసే పాత జిరాక్స్ యంత్రాలు ‘కనెక్షన్ దొరకలేదు’ అని మొరపెట్టుకున్నాయి. బ్రౌజర్‌లో నెట్ బ్రహ్మాండంగా ఉంటుంది, ఆఫీసులోని పక్క యంత్రం మాత్రం అందదు. ఇది మరమ్మతు చేయాల్సిన లోపం కాదు, గడువు తీరిన తాళాన్ని కంపెనీ మార్చేసింది. విండోస్ ఫీచర్ల జాబితాలో ఎస్ఎంబీ1కు మళ్లీ టిక్కు పెడితే నిమిషంలో అంతా పనిచేస్తుంది. పిలిపించిన మెకానిక్కులు చాలామంది చేసేదీ అదే. అలా చేయడమంటే వన్నాక్రై వచ్చిన తలుపును చేజేతులా తెరవడం. డిస్కు ఫర్మ్‌వేర్‌ను కొత్తది చేసుకోవడం, లేదా జిరాక్స్ యంత్రం స్కాన్‌ను ఈమెయిల్‌కు పంపేలా మార్చుకోవడం కాస్త శ్రమైనా సరైన దారి. 2024 అక్టోబరు నుంచి అందిన విండోస్ 11 24హెచ్2 ఇంకో అడుగు ముందుకేసింది. ప్రో రకంలో ప్రతి ఎస్ఎంబీ సంభాషణకూ డిజిటల్ సంతకం ఉండాలంటుంది, పాస్‌వర్డు లేని అతిథి ప్రవేశాన్ని ఒప్పుకోదు. పాస్‌వర్డు లేకుండా తెరిచి ఉంచిన ఇంటి హార్డ్‌డిస్కు అప్‌గ్రేడ్ తర్వాత తలుపు తీయకపోతే దానికొక ఖాతా, పాస్‌వర్డు పెట్టి చూడాలి.

ఫోన్లలోనూ ఇలాంటి మార్పు వచ్చింది. ప్రతి వైఫై చిప్‌కూ పుట్టుకతో వచ్చే మ్యాక్ చిరునామా అనే గుర్తింపు అంకె ఉంటుంది. దుకాణాలు, మాల్స్ ఆ అంకెతో మనుషుల కదలికలను గుర్తుపట్టే వీలుంది కాబట్టి 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ చిరునామా చూపడం మొదలుపెట్టాయి. మంచి పనే. అయితే మ్యాక్ చిరునామాలు ముందే రాసుకుని, ఆ పట్టికలో ఉన్నవాటినే రానిచ్చే హాస్టళ్లు, ఆఫీసులు ఉన్నాయి. ఫోన్ అప్‌గ్రేడ్ అయిన రోజున అక్కడి రౌటర్‌కు అది ముక్కూమొహం తెలియని కొత్తది. ఆ ఒక్క వైఫై సెట్టింగులలో అసలు మ్యాక్ చిరునామా వాడమని చెబితే సరిపోతుంది. ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయనక్కర్లేదు.

కొన్నిసార్లు గోడకు రెండు వైపులా ఉన్నవాళ్లు ఒకరికొకరు అందక నెట్ పోతుంది. 2024 సెప్టెంబరులో మ్యాక్‌ఓఎస్ సెకోయా వచ్చినప్పుడు క్రౌడ్‌స్ట్రైక్, సెంటినల్‌వన్ వంటి భద్రతా సాఫ్ట్‌వేర్లు ఉన్న మ్యాక్‌లలో కనెక్షన్లు దెబ్బతిన్నాయి. అక్టోబరు 3న వచ్చిన 15.0.1తో ఆపిల్ పొత్తు కుదిర్చింది. ఆఫీసు కంప్యూటర్లకు కొత్త సిస్టమ్‌ను మొదటి వారంలోనే ఎక్కించవద్దని ఐటీ విభాగాలు మొత్తుకునేది ఊరికే కాదు.

ఈ మెట్లేవీ చూడకుండా నేరుగా ‘నెట్‌వర్క్ రీసెట్’ నొక్కేవాళ్లు ఎక్కువ. 2016 నుంచి విండోస్ 10 సెట్టింగులలో ఆ బటన్ ఉంది. అది నెట్‌వర్క్ కార్డులన్నింటినీ తీసేసి మళ్లీ ఎక్కిస్తుంది, వాటి సెట్టింగులను మొదటికి తెస్తుంది. చాలాసార్లు పని జరుగుతుంది కూడా. దానితో పాటు దాచుకున్న వైఫై పాస్‌వర్డులు పోతాయి, వీపీఎన్ మళ్లీ కట్టుకోవాల్సి వస్తుంది, ఏది చెడిందో ఎప్పటికీ తెలియదు. దాన్ని ఆఖరి ఆయుధంగా ఉంచుకోవడమే నయం. అంతకన్నా చిన్నది ‘నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్’ ఆదేశం. ప్రోగ్రాములు నెట్‌తో మాట్లాడే మార్గంలో ఇతర సాఫ్ట్‌వేర్లు దూర్చిన పద్దులను అది తుడిచేస్తుంది. పాత యాంటీవైరస్ వదిలివెళ్లిన చెత్తకు మంచి చీపురు.

మరి తప్పు పూర్తిగా కంపెనీదే అయితే? 2023 డిసెంబరు అప్‌డేట్ తర్వాత కొన్ని విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు విశ్వవిద్యాలయాలు, పెద్ద ఆఫీసుల వైఫైలో చేరలేకపోయాయి. ఇళ్లలో మాత్రం బాగానే పనిచేశాయి. ప్రతి విద్యార్థికీ వేరు లాగిన్ అడిగే పద్ధతి ఉన్నచోటే చిక్కు. మైక్రోసాఫ్ట్ కొద్దిరోజుల్లోనే ఆ ఒక్క మార్పును దూరం నుంచి ఆపేసింది. అప్‌డేట్ మొత్తాన్ని తీయకుండా, అందులోని దోషమున్న ముక్కను మాత్రం నిద్రపుచ్చే ఏర్పాటు ఇప్పుడు విండోస్‌లో ఉంది. ఆ సందేశం అందుకోవడానికి ఏదో ఒక దారిన నెట్ కావాలి. కళాశాల వైఫై పనిచేయనివాళ్లకు తీగో, ఫోనో, ఇంటి వైఫైయో దిక్కు. సంస్థలు తమ అదుపులో ఉంచుకున్న కంప్యూటర్లకు అది తనంతట రాదు, అక్కడి ఐటీ సిబ్బందే ఒక విధాన ఫైలు ద్వారా పంపాలి.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. దాంతో ఏళ్లతరబడి కదలని కంప్యూటర్లు కూడా విండోస్ 11కు మారుతున్నాయి. పైన చెప్పిన తంటాల్లో ఏదో ఒకటి వాటిలో కొన్నింటికి తప్పదు. ఏదీ కుదరకపోతే వెనక్కి వెళ్లే దారి ఉంది. అప్‌గ్రేడ్ అయ్యాక పాత విండోస్ మొత్తం ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. సెట్టింగులలో రికవరీ కింద ‘గో బ్యాక్’ నొక్కితే అది తిరిగి లేస్తుంది. ఈ పనికి నెట్ అక్కర్లేదు. గడువు మాత్రం పది రోజులే, 2016లో తగ్గించేదాకా నెల ఉండేది. ‘డీఐఎస్ఎం’ ఆదేశంతో ఆ పదిని 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. కానీ ఆ ఆదేశం పది రోజుల లోపే ఇవ్వాలి. పదకొండో రోజున ఇస్తే, విండోస్ అప్పటికే పాత ఫోల్డర్‌ను ఊడ్చేసి ఉంటుంది.